పాత కంపెనీ దివాలా, అదే షెడ్డులో కొత్త బోర్డు: నా పద్నాలుగేళ్ల సర్వీసు ఏమైనట్టు?

ప్రశ్న: జీడిమెట్లలో ఒక మెషినింగ్ యూనిట్‌లో 14 ఏళ్లుగా సీఎన్‌సీ ఆపరేటర్‌ని. బేసిక్, డీఏ కలిపి నెలకు 18,200. కంపెనీ దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీకి వెళ్లింది. రెండు నెలల క్రితం లిక్విడేషన్ (ఆస్తులు అమ్మి అప్పులు తీర్చి కంపెనీని మూసేయడం) ఆర్డర్ వచ్చిందన్నారు. నాకు నాలుగు నెలల జీతం రావాలి. పీఎఫ్ కోశారు గానీ పాస్‌బుక్‌లో పడలేదు. తీసేసినట్టు లెటర్ కూడా ఇవ్వలేదు. ఇప్పుడు ఓనర్ బామ్మర్ది పేరుతో కొత్త కంపెనీ పెట్టారు. అదే షెడ్డు, అవే మిషన్లు. ‘పాత బాకీలేమీ లేవు, కొత్తగా చేరుతున్నాను అని సంతకం పెట్టి సోమవారం రా’ అంటున్నారు. పెట్టమంటారా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పనికి వెళ్లండి, ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. కానీ ‘బాకీలేమీ లేవు’ అన్న కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి. అపాయింట్‌మెంట్ ఆర్డర్ వేరు, నో డ్యూస్ వేరు. రెండూ ఒకే కాగితంలో ఉంటే ‘పాత కంపెనీ నుంచి నాకు రావలసిన వాటిని వదులుకోవడం లేదు’ అని సంతకం పైన మీ చేత్తో రాసి, ఫొటో తీసి పెట్టుకోండి.

లెటర్ ఇవ్వలేదని టెన్షన్ పడకండి. దివాలా చట్టం సెక్షన్ 33 ప్రకారం లిక్విడేషన్ ఉత్తర్వే ఉద్యోగులను తొలగించినట్టు నోటీసు. వ్యాపారం నడిపిస్తూ ఉంటే తప్ప వేరే లెటర్ అక్కర్లేదు. అంటే ఆ తేదీకి మీ పాత ఉద్యోగం ముగిసింది, దాని లెక్క తేలాలి. గ్రాట్యుటీ: 18,200ను 26తో భాగించి, 15తో, 14తో గుణిస్తే 1,47,000. తొలగింపు పరిహారం: ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున సుమారు 1,27,400. నాలుగు నెలల జీతం 72,800. అలవెన్సులు కలిస్తే రావలసిన జీతం ఇంకా పెరుగుతుంది.

ఈ లెక్కంతా లిక్విడేటర్ (కంపెనీ ఆస్తులు అమ్మి బాకీలవాళ్లకు పంచే అధికారి) దగ్గర క్లెయిమ్‌గా వేయాలి. గడువు లిక్విడేషన్ మొదలైన నాటి నుంచి 30 రోజులు. మీకది దాటింది. అయినా వెంటనే వేయండి. తీసుకోకపోతే ఆలస్యం మన్నించమని ఎన్‌సీఎల్‌టీని అడగాలి. క్లెయిమ్ తిరస్కరిస్తే 14 రోజుల్లో అక్కడే అప్పీలు. మీరు ‘వర్క్‌మన్’ (కార్మికుడు) కిందికి వస్తారు కాబట్టి లిక్విడేషన్‌కు ముందు 24 నెలల బకాయిలు తాకట్టు ఉన్న బ్యాంకులతో సమాన వరుసలో ఉంటాయి. మేనేజర్లకైతే 12 నెలలే, అదీ ఆ తర్వాతి వరుసలో. పీఎఫ్ డబ్బు అసలు ఈ పంపకంలోకే రాదు. గ్రాట్యుటీ దగ్గర చిక్కుంది: కంపెనీ విడిగా ఫండ్ పెట్టకపోతే లిక్విడేటర్ ఆ డబ్బు సమకూర్చాల్సిన పని లేదని ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్ కేసులో 2020లో అప్పీళ్ల ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌ఏటీ చెప్పింది. అయినా క్లెయిమ్‌లో రాయండి. రాయనిదాన్ని ఎవరూ ఇవ్వరు.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ‘అవే మిషన్లు’ అన్న మాట. ఆర్డర్ వచ్చి రెండు నెలలే అయింది. విలువ కట్టి, ప్రకటన ఇచ్చి, వేలం వేసి, డబ్బు కట్టించుకుని ఇంత త్వరగా మిషన్లు అప్పగించడం అరుదు. మరి అవి బామ్మర్ది చేతికి ఎలా వచ్చాయి?

వేలంలోనే కొన్నారనుకుందాం. పాత యజమాని, ఆయన బంధువులు కొనకుండా సెక్షన్ 29ఏ అడ్డుపడుతుంది. కాకపోతే మీది ఎంఎస్ఎంఈ (చిన్న, మధ్య తరహా సంస్థ) అయితే చాలా సడలింపులున్నాయి, అడ్డు లేకపోవచ్చు. అలా పద్ధతిగా కొన్నవారి మెడకు మీ పాత జీతం చుట్టడం కష్టం. మీ దారి లిక్విడేటరే.

దివాలాకు ముందే గుట్టుగా తరలించి ఉంటే కథ వేరు. దగ్గరివాళ్లకు రెండేళ్ల లోపు చవగ్గా కట్టబెట్టిన ఆస్తిని వెనక్కి రప్పించమని లిక్విడేటర్ ఎన్‌సీఎల్‌టీని అడగవచ్చు. అప్పులవాళ్లను మోసం చేయడానికే చేశారని తేలితే ఓనర్ సొంత జేబు నుంచి కట్టించవచ్చు. సంస్థే చేతులు మారిందని తేలితే పాత పీఎఫ్ బాకీకి కొత్త కంపెనీ కూడా, తీసుకున్న ఆస్తుల విలువ మేరకు, బాధ్యురాలు. కాబట్టి క్లెయిమ్‌తో పాటు లిక్విడేటర్‌కు ఒక ఉత్తరం రాయండి: ఏ మిషన్లు, ఏ తేదీకి ఎక్కడ ఉన్నాయి, ఎవరు నడుపుతున్నారు. షాపు ఫ్లోర్ మీద ఉన్న మీకు తెలిసినంత ఆయనకు ఫైళ్లలో దొరకదు.

‘పాత సర్వీసు కలిపి కొత్త ఉద్యోగమూ, పాత పరిహారమూ రెండూ వస్తాయా?’ అనవచ్చు. రావు. ఇది మన అనకాపల్లి కేసులోనే తేలిపోయింది. నష్టాల్లో ఉన్న చక్కెర ఫ్యాక్టరీని చెరకు రైతుల సహకార సంఘం కొంది. పరిహారం తీసుకున్న కార్మికులు కొత్త యాజమాన్యం కూడా తమను తీసుకోవాలన్నారు. రెండు లాభాలు కుదరవని 1962లో సుప్రీంకోర్టు చెప్పింది. సర్వీసు తెగకుండా, షరతులు తగ్గకుండా, రేపు తీసేసినా పాత ఏళ్లు కలిపి పరిహారం ఇచ్చేలా తీసుకుంటేనే పాత పరిహారం అక్కర్లేదు. ఈ మూడింటిలో ఏది లేకున్నా పరిహారం మీ హక్కు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఇదే నియమం ఉంది. మిమ్మల్ని ‘కొత్తగా’ చేరమంటున్నారంటే సర్వీసు తెగినట్టే, పరిహారం అడగొచ్చు.

ఆదివారం లోపు పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్, పీఎఫ్ పాస్‌బుక్, ఐడీ కార్డు ఒకచోట చేర్చండి. మీతో పాటు బయటపడ్డ వాళ్లందరూ కలిసి ఒకే ప్రతినిధి ద్వారా క్లెయిమ్ వేయవచ్చు. పీఎఫ్ ఆఫీసులో ఫిర్యాదు మాత్రం ఎవరిది వారే ఇవ్వండి.