మొదటి సామిల్లుకు ఎంత ఇంజిన్ కావాలి?

ప్రశ్న: నార్త్ కరొలైనాలో యాష్‌విల్‌కు దగ్గర్లో ఎనిమిదెకరాలు కొనుక్కున్నాం. 2024 సెప్టెంబరులో వచ్చిన హెలీన్ తుఫానుకు మా స్థలంలో ఓక్, తులిప్ పోప్లర్ చెట్లు చాలా పడిపోయాయి. లావుపాటివి 20 అంగుళాల దాకా ఉంటాయి. వాటిని కోసుకుని షెడ్డు కట్టుకోవాలని, ఇంట్లోకి బల్లలు చేసుకోవాలని పోర్టబుల్ సామిల్ చూస్తున్నాం. 9.5 హార్స్‌పవర్ ఇంజిన్ సరిపోతుందా, 14 తీసుకోవాలా? ట్రైలర్, ట్రాక్ ఎక్స్‌టెన్షన్, డీబార్కర్, బ్లేడు పదును పెట్టే మెషీన్ అంటూ అమ్మేవాళ్లు పెద్ద లిస్టు ఇచ్చారు. అన్నీ కొనే బడ్జెట్ లేదు. ట్రాక్టర్ కూడా లేదు.

జవాబు: మీ ఉత్తరంలో చివరి మాటే నన్ను ఆపేసింది. ఇంజిన్ సంగతి చెప్పి మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

అంతకంటే ముందు ఒక పని చేయండి. స్క్రూడ్రైవర్ పట్టుకుని పడి ఉన్న ప్రతి దుంగ దగ్గరికీ వెళ్లి పొడిచి చూడండి. తులిప్ పోప్లర్ నేలమీద తడిలో పడి ఉంటే త్వరగా పాడైపోతుంది. వైట్ ఓక్ అలా కాదు. పైనున్న తెల్ల చెక్క మెత్తబడినా లోపలి చేవ గట్టిగానే ఉంటుంది. కొయ్యడానికి పనికొచ్చే దుంగలు ఎన్ని మిగిలాయో లెక్క తేలాకే మిల్లు కొనాలా వద్దా అన్నది. పదీ పదిహేను దుంగలే తేలితే సొంత మిల్లు వద్దు. మిల్లు వెంట తెచ్చుకుని గంటల లెక్కన కోసిపెట్టేవాళ్లు అమెరికాలో చాలాచోట్ల ఉంటారు, ఒకరిని పిలిపించుకోండి.

దుంగలు చాలానే ఉన్నాయనుకుందాం. అప్పుడు 14 హార్స్‌పవర్ తీసుకోండి. ఎందుకో చెబుతాను. ఈ తరగతి మిల్లుల్లో ఎక్కువగా వాడే రిబ్బన్ లాంటి బ్లేడు అంగుళంపావు వెడల్పుది, పన్నుకీ పన్నుకీ మధ్య దూరం ముప్పావు అంగుళమో, ఇంకాస్త ఎక్కువో. పది అంగుళాల చెక్క కోసేటప్పుడు ఏ క్షణంలో చూసినా పదకొండు నుంచి పదమూడు పళ్లు చెక్కలో ఉంటాయి. ఇరవై అంగుళాల కోతకి ఆ లెక్క రెట్టింపు. బరువంతా ఇంజిన్ మీదే పడుతుంది. 9.5తో ఓక్ కొయ్యలేమని కాదు, మిల్లు తలను, అంటే ఇంజిన్, బ్లేడు ఉండే భాగాన్ని, చాలా నెమ్మదిగా తొయ్యాలి. నెమ్మదిగా తోస్తే ఆలస్యం ఒక్కటే నష్టం కాదు. పళ్లు చెక్కను చెక్కడం మానేసి రాసుకోవడం మొదలుపెడతాయి. పొట్టు పిండిలా రాలుతుంది, బ్లేడు వేడెక్కి పదును పోతుంది. మీ ఊరు సముద్రమట్టానికి రెండు వేల అడుగుల పైన ఉంది. మామూలు పెట్రోల్ ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగులకూ సుమారు మూడు శాతం బలం కోల్పోతుంది. అంటే 9.5 అని కొన్నది మీ దగ్గర తొమ్మిది కూడా ఉండదు. మీ దగ్గర పోప్లర్, పైన్ మాత్రమే ఉండి, దుంగలు 15 అంగుళాల లోపైతే చిన్న ఇంజినే చాలని చెప్పేవాణ్ని. అవి మెత్తటి చెక్కలు.

మరి 14 కన్నా పెద్దది ఎందుకు వద్దు? అంగుళంపావు బ్లేడు తట్టుకునే వేగానికి ఒక హద్దుంది. ఇంజిన్‌లో దమ్ముంది కదా అని గట్టిగా తోస్తే బ్లేడు తిన్నగా నడవక పైకో కిందికో పోతుంది. చిన్న మిల్లు మీద 25 హార్స్‌పవర్ పెట్టే డబ్బుతో మీకు నిజంగా కావాల్సినవి వచ్చేస్తాయి.

ఇక ట్రాక్టర్ మాట. 20 అంగుళాల లావు, పది అడుగుల పొడవున్న పచ్చి రెడ్ ఓక్ దుంగ దాదాపు 620 కిలోలు తూగుతుంది. కాస్త ఆరినా ఐదొందల పైనే. దాన్ని మిల్లు మీదికి ఎక్కించాలి, కోసిన ప్రతి పక్కకీ తిప్పాలి. కొత్తగా మిల్లు కొన్నవాళ్లు ఇంజిన్ చూసి మురిసిపోతారు గానీ మొదటి శనివారం సాయంత్రానికి నడుం పట్టుకుని కూర్చునేది ఈ పని దగ్గరే. చేతులు నలిగేదీ, కాళ్లు విరిగేదీ ఇక్కడే. అందుకే డబ్బులో మొదటి వాటా దుంగను కదిలించే సామానుకి పెట్టండి. కాంట్ హుక్‌లు రెండు కొనండి. పొడవాటి కర్ర పిడికి కొక్కెం తగిలించి ఉంటుంది. కొక్కెం దుంగలో దిగేలా పట్టించి పిడి మీద బరువు వేస్తే, ముగ్గురు మనుషులు కలిసి దొర్లించలేని దుంగ ఒక్కరికే లొంగి తిరుగుతుంది. ఒక్కటుంటే ఎప్పుడూ అవతలి చివర ఆధారం లేకుండా పోతుంది, అందుకే రెండు. తర్వాత ఎక్కించే ర్యాంపులు, తాడు చుట్టుకుంటూ బరువును లాగే చేతి వించ్. తాడు ఒక కొస మిల్లుకు కట్టి, దుంగ కిందుగా పోనిచ్చి, పైనుంచి వించ్‌కి తెస్తే దుంగే కప్పీలా దొర్లుతుంది. లాగాల్సిన బలం సగానికి తగ్గుతుంది. ఎక్కేటప్పుడు మాత్రం దుంగకు దిగువన ఎవరూ నిలబడకూడదు, పిల్లలను ఆ చుట్టుపక్కలకే రానివ్వకండి.

రెండో వాటా బ్లేడ్లకి. పది బ్లేడ్ల పెట్టె ఒకటి మిల్లుతో పాటే తెప్పించుకోండి. ఓక్‌కి కొక్కెం కోణం, అంటే పన్ను ముందుకు వంగిన వంపు, ఏడు డిగ్రీలున్న పళ్లు బాగా పనిచేస్తాయి, పది డిగ్రీలవి మెత్తటి చెక్కకి. గంటన్నర, రెండు గంటల కోతకొకసారి మార్చేయండి. మొద్దుబారాక ఇంకొక్క పలక అని లాగితే ఆ పలకా పోతుంది, బ్లేడూ పోతుంది. పదును మెషీన్ ఇప్పుడే వద్దు. మొదటి ఏడాది పోస్టులో పంపించి పదును పెట్టించుకోండి. బ్లేడు మీద పడే నీళ్లలో పాత్రలు తోమే సబ్బు నాలుగు చుక్కలు కలిపితే పైన్ జిగురు అంటుకోదు.

చేతిలో పట్టుకునే మెటల్ డిటెక్టర్ తప్పకుండా కొనండి. ఇంటి పక్కన, కంచె వెంబడి పెరిగిన చెట్లలో మేకులు, తీగలు ఉండిపోతాయి. ఒక మిత్రుడి మిల్లు దగ్గర నేను కళ్లారా చూశాను. ఓక్ దుంగ కోత మొదలవకముందే దాని కొస మీద నల్లనీలం మరక ఉంది. ఓక్‌లోని ట్యానిన్‌కి ఇనుము తగిలితే వచ్చే రంగు అది. చూసి కూడా ఆ దుంగను ఎక్కించేశాం. మూడో పలక మధ్యలో కీచుమని ఒక చప్పుడు, బ్లేడు లాగి చూస్తే అరచేయి పొడవున పళ్లే లేవు. అలాంటి మరక కనబడితే ఆ ముక్కను కట్టెలకు వాడుకోండి.

మిల్లు ఒకే చోట ఉండేట్టయితే ట్రైలర్ అక్కర్లేదు. ఆ డబ్బుతో కింద నేల చదును చేయించి, గట్టి దిమ్మెల మీద పట్టాలు లెవెల్‌గా కూర్చోబెట్టుకోండి. షెడ్డుకు పొడవాటి దూలాలు కావాలంటేనే ఆ పట్టాలను పొడిగించే ట్రాక్ ఎక్స్‌టెన్షన్. డీబార్కర్ బదులు మట్టి పట్టిన చోట గొడ్డలితో బెరడు చెక్కేస్తే సరి.

ప్రశ్న: మా 14 హార్స్‌పవర్ మిల్లు మీద పలకలు అలలు అలలుగా వస్తున్నాయి. ఇంజిన్ చాలడం లేదా?

జవాబు: చెవి పెట్టి వినండి. కోత మధ్యలో ఇంజిన్ గొంతు దిగిపోతోందా? దిగిపోతుంటేనే బలం చాలడం లేదని. శబ్దం నిలకడగా ఉండి పలక మాత్రం ఊగుతోందంటే తప్పు బ్లేడుదే. కొత్త బ్లేడు వేసి, బిగువు సరిచూసి ఒక్క పలక కొయ్యండి. అది తిన్నగా వస్తే సమస్య తేలిపోయినట్టే. రాకపోతే బ్లేడు ఊగకుండా పట్టి ఉంచే గైడ్ రోలర్లు చూడండి, కదిలే గైడును దుంగకు వీలైనంత దగ్గరగా జరపండి. ముడుల దగ్గర మాత్రమే అల వస్తుంటే తక్కువ కోణమున్న పళ్లకు మారండి, అక్కడ తోపుడు కూడా తగ్గించండి.

ప్రశ్న: మాది తూర్పు గోదావరి. పొలంగట్ల మీద టేకు ఉంది. ఇలాంటి మిల్లు ఒకటి తెప్పించుకుంటే మా కలపతో పాటు చుట్టుపక్కల రైతులదీ కోసిపెట్టొచ్చు కదా?

జవాబు: మిల్లు తెప్పించుకోవడం కష్టం కాదు, నడపడానికి లైసెన్సు తెచ్చుకోవడమే కష్టం. అడవుల రక్షణ మీద నడిచిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 12న ఇచ్చిన ఆదేశం నుంచి మన దేశంలో సామిల్లుల మీద గట్టి నియంత్రణ ఉంది. కలప పరిశ్రమల కోసం కేంద్రం 2016లో మార్గదర్శకాలు తెచ్చింది. రాష్ట్ర స్థాయి కమిటీ, అటవీశాఖ లైసెన్సు, ఇవన్నీ దాటాలి. చక్రాలున్నాయి కాబట్టి ఇది మిల్లు కాదు అంటే కుదరదు. టేకు కొట్టడానికీ తరలించడానికీ కూడా అనుమతులు వేరే తీసుకోవాలి. డబ్బు కట్టకముందే మీ అటవీ రేంజ్ ఆఫీసుకి వెళ్లి రాతపూర్వకంగా అడగండి. ఈలోగా మీ టేకు కోయించుకోవాలంటే దగ్గర్లోని లైసెన్సున్న సామిల్లుకు తీసుకెళ్లండి. కోసేటప్పుడు పక్కనే నిలబడి, సైజులు మీరే చెప్పి కోయించుకోండి.