ఘానాలో ‘మంత్రగత్తెల శిబిరాలు’ ఎందుకు ఉన్నాయి?

ఉత్తర ఘానాలోని గంబాగా, కుకువో, గ్నానీ వంటి చోట్ల ఉన్నవి జైళ్లు కావు. చేతబడి చేసిందన్న నిందతో ఊరు తరిమేసిన స్త్రీలు ప్రాణాలు దక్కించుకోవడానికి చేరే ఆశ్రయాలు. ఇంట్లో ఒక బిడ్డ హఠాత్తుగా చనిపోయినా, ఎవరి పీడకలలోనైనా ఒక స్త్రీ కనిపించినా చాలు, అనుమానం ఎక్కువగా భర్త పోయి, అండలేని వృద్ధురాలి మీదికే పోతుంది. దాని వెనుక ఆస్తి తగాదాలో, సవతుల మధ్య ఈర్ష్యో ఉండటం సాధారణం.

గంబాగాలో నింద నిజమో కాదో తేల్చడానికి కోడిని కోస్తారు. అది గిలగిలా కొట్టుకుని వెల్లకిలా పడి చస్తే ఆమె నిర్దోషి, బోర్లా పడితే దోషి. ఒక మనిషి శేషజీవితాన్ని ఇలా నిర్ణయించడం ఘోరం. పైగా నిర్దోషి అని తేలినా ఊరివాళ్లు రానిస్తారన్న నమ్మకం లేదు. నీళ్లు మోయడానికి తోడుగా పంపిన మనవరాళ్లు కూడా, చాలాసార్లు చదువు మానేసి, అదే ముద్రతో అక్కడ పెరుగుతారు.

2020 జూలైలో ఉత్తర ఘానాలోని కఫాబా అనే ఊళ్లో 90 ఏళ్ల వృద్ధురాలిని అందరి ఎదుటా కొట్టి చంపిన తర్వాత దేశమంతటా ఆగ్రహం వ్యక్తమైంది. ఇటువంటి నింద వేయడాన్నే నేరంగా పరిగణించే సవరణను 2023లో పార్లమెంటు ఆమోదించినా, అది ప్రైవేటు సభ్యుని బిల్లుగా (ప్రభుత్వం కాక, సభ్యులే సొంతంగా ప్రవేశపెట్టిన బిల్లుగా) వచ్చి ఖజానాపై భారం మోపుతోందన్న రాజ్యాంగపరమైన అభ్యంతరంతో అప్పటి అధ్యక్షుడు అకుఫో-అడో సంతకం చేయలేదు.