వాలు దారిలో కంకర పోసే ముందు

ఒరేయ్ చిన్నోడా,

మినీ ట్రాక్టర్ కొన్నావని, కాఫీ తోటకు ఎక్కే దారికి కంకర పోయిస్తావని మీ నాన్న చెప్పాడు. సంతోషం. పాడేరు వానలకు ఆ దారి ఏమవుతుందో తెలుసు కాబట్టి రాస్తున్నా. నేనూ మొదటిసారి నాలుగు లోడ్లు పోయించి మీసం దువ్వుకున్నా, జూన్‌లో రెండో వానకే ఆ రాయంతా కింద మడిలో ఏరుకున్నా. నీళ్లు పోయే దారి చూడకుండా రాయి పోసిన తెలివి మరి.

అందుకని ముందు దారి మధ్య కాస్త ఎత్తు చేసి, ముప్ఫై నలభై అడుగులకొక అడ్డ కాలువ ఏటవాలుగా తీసి నీళ్లను పక్క పొదల్లోకి తిప్పెయ్. ఏటి గులకరాయి చవకని తేవొద్దు, గుండ్రాయి దొర్లిపోతుంది. క్రషర్ రాయే తెప్పించు, కింద 40 ఎంఎం, పైన డస్ట్ కలిపిన 20 ఎంఎం. వంద అడుగుల నడకలో పదిహేను అడుగులకు మించి ఎక్కే చోట మాత్రం ఏ కంకరా నిలవదు, అక్కడ చక్రాలు నడిచే రెండు పట్టీలు కాంక్రీటు వేయించు.

లెక్క చెప్తా. 300 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, 4 అంగుళాల మందం అంటే 800 ఘనపుటడుగులు, యూనిట్‌కి వంద చొప్పున 8 యూనిట్లు. అణిగిపోయేది కలుపుకుని తొమ్మిదిన్నర చెప్పు. యూనిట్ రాయి నాలుగున్నర టన్నులు తూగుతుంది, నీ చిన్న ట్రాలీకి టన్నున్నర చాలు, అంటే యూనిట్‌కి మూడు ట్రిప్పులు. విసుగొచ్చి ఎక్కువ నింపావో, ఎక్కేటప్పుడు ముందు చక్రాలు తేలతాయి, స్టీరింగ్ చేతిలో ఉత్తిగా తిరుగుతుంది. ఆ క్షణం నేను చూశాను, నువ్వు చూడక్కర్లేదు.

పైనుంచి మొదలుపెట్టు. కింద ముందే పోస్తే లోడుతో ఆ వదులు రాయి మీద ఎక్కలేక చక్రం అక్కడే గిర్రున తిరుగుతుంది. వాలులో తొట్టి ఎత్తొద్దు, వెనక తలుపు తీసి ఇద్దరు మనుషులతో పారలతో దింపించు. రెండు అంగుళాల పొర అయితే ఒక ట్రిప్పు పాతిక అడుగులకు వస్తుంది. రెండు పొరలు వెయ్, ఒక్కో పొరకీ నీళ్లు చల్లి, ఖాళీ ట్రాక్టర్‌తో చక్రం జాడ మార్చి మార్చి తొక్కించు.

దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగు, క్లచ్ జోలికి పోకు. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే దిగడానికీ వేసుకో. పొలంలో ఎడమ, కుడి బ్రేకులు విడిగా తొక్కడానికి తీసిన లాక్ మళ్లీ వేసి రెండు పెడళ్లనూ కలుపు, ఒక్క బ్రేకే పడితే బండి పక్కకు లాగేస్తుంది. మడ్‌గార్డు మీద ఎవరినీ ఎక్కించకు, మీ బామ్మర్దినైనా సరే.

చదును చేసే బ్లేడు అద్దెకు తేవొద్దు, మా షెడ్డులో ఉంది. ఒక బోల్టు అరిగింది, కొత్తది కొనుక్కుని రా.

పెదనాన్న