కనిపించని ఎర్ర చుక్కను నమ్మే ముందు

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

వచ్చే వారం నుంచి ఫిష్ స్లయిడ్లు, అంటే జన్యువులకు మెరిసే రంగు చుక్కలు అంటించి సూక్ష్మదర్శినిలో చూసే స్లయిడ్లు, నువ్వే చదవబోతున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. ముందుగా నీ దగ్గరికి వచ్చేవి దీర్ఘకాలిక లింఫోసైటిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ రోగుల నమూనాలని రాశావు కాబట్టి, టీపీ53 జన్యువుకు అంటుకుని వెలిగే డీఎన్ఏ ముక్క, అదే ప్రోబ్, గురించి నాలుగు మాటలు చెబుతాను.

డీఎన్ఏ దెబ్బతిన్న కణాన్ని విభజనకు పోనివ్వకుండా ఆపేది ఈ జన్యువు తయారుచేసే ప్రోటీనే. 17వ క్రోమోజోము పొట్టి భుజం మీది ఆ ముక్క పోయిన రోగికి పాత కీమోథెరపీ సరిగా పనిచేయదు. డాక్టర్ వేరే మందు ఎంచుకోవాలి. నీ రిపోర్టును చూసే ఆ నిర్ణయం తీసుకుంటారు.

మీ కిట్‌లో జన్యువుది ఎరుపు, అదే క్రోమోజోము సెంట్రోమియర్‌ది, అంటే దాని రెండు భుజాలు కలిసే నొక్కుది, పచ్చ అన్నావు. మామూలు కణంలో రెండేసి కనిపించాలి. పచ్చలు రెండు, ఎరుపు ఒకటే ఉంటే జన్యువు ఒక ప్రతి పోయిందంటాం. అయితే పచ్చ వెలిగింది కదా, ప్రోబ్ బాగానే అంటుకుందిలే అని నిశ్చింతగా ఉండకు. సెంట్రోమియర్ దగ్గర ఒకే డీఎన్ఏ వరుస మళ్లీ మళ్లీ వస్తుంది. అందుకే స్లయిడు కాస్త పాడైనా పచ్చ వెలుగుతూనే ఉంటుంది. ఎరుపుకు అంత బలం లేదు, చిన్న లోపానికే మాయమవుతుంది.

చేరిన తొలి ఏడాది నేను అక్కడే మోసపోయాను. కణం తర్వాత కణంలో ఒకటే ఎరుపు. జన్యువు పోయిందని రాసేశాను. సంతకం పెట్టే ముందు మా ల్యాబు పెద్దావిడ ఆ స్లయిడునే అడిగి తెప్పించుకుని, లుకేమియాతో సంబంధం లేని న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాల కేంద్రకాలను చూపించారు. వాటిలోనూ ఒకటే ఎరుపు! కేంద్రకాల చుట్టూ సైటోప్లాజం పొగమంచులా మిగిలిపోయి ప్రోబ్‌ను లోపలికి పోనివ్వలేదు. అదే నమూనాను మళ్లీ మిథనాల్, ఎసిటిక్ ఆమ్లం 3:1 మిశ్రమంలో కడిగి, కొత్త స్లయిడు వేస్తే అన్నిటిలో రెండేసి ఎరుపులు వచ్చాయి. ఆ సాయంత్రం నా చేతులు వణికాయి.

అందుకే ప్రోబ్ వేయకముందే స్లయిడును రంగు వేయకుండానే కణాలను చూపే ఫేజ్ కాంట్రాస్ట్ సూక్ష్మదర్శినిలో చూడు. చుట్టూ మసక కనిపిస్తే మళ్లీ చేయి, బద్ధకించకు. స్లయిడ్ల జాడీని వేడిచేసే వాటర్ బాత్ మీది అంకెను నమ్మకుండా జాడీలోనే థర్మామీటర్ పెట్టు. ఒకదానిమీదొకటి ఎక్కిన కేంద్రకాలను వదిలెయ్యి. 200 లెక్కించాలంటే నువ్వు 100, ఇంకొకరు 100 చదవండి, వారి లెక్క ముందే అడగకు. ఎంత శాతం దాటితే లోపమనాలో మీ ల్యాబులోనే ఆరోగ్యవంతుల నమూనాలతో తేల్చుకోండి.

ఇంకొక్క మాట. రెండు చుక్కలున్నా జన్యువులో చిన్న మార్పు దాగి ఉండవచ్చు, దాన్ని ప్రోబ్ పట్టలేదు. జన్యువు అక్షరాలను వరుసగా చదివే సీక్వెన్సింగ్ కూడా చేయించాలని రిపోర్టులో తప్పక రాయి.

మొదటి స్లయిడులో న్యూట్రోఫిల్‌లు ఎలా కనిపించాయో నాకు రాయి.

నీ అత్తయ్య