చర్మకణం వెనక్కి నడిస్తే

ప్రశ్న: చర్మకణాన్ని మూలకణంగా, అంటే ఏ రకం కణంగానైనా ఎదగగల కణంగా, మార్చే పద్ధతి వల్ల క్యాన్సర్ వస్తుందా?

జవాబు: రావచ్చు. చర్మకణంలో, మెదడు కణంలో డీఎన్‌ఏ ఒకటే. ఏ జన్యువు పనిచేస్తోంది, ఏది మూతపడింది అన్నదే తేడా. 2006లో జపాన్‌లోని క్యోటోలో శాస్త్రవేత్తలు షిన్యా యమనాక, కజుతోషి తకహాషి 24 జన్యువులతో మొదలుపెట్టి, ఒక్కొక్కటే తీసేస్తూ చూశారు. చిట్టెలుక తోక కణాన్ని పిండదశకు, అంటే మూలకణంలాంటి స్థితికి, మళ్లించడానికి నాలుగే చాలని తేలింది: ఆక్ట్ 3/4, సాక్స్ 2, కేఎల్‌ఎఫ్ 4, సీ-మిక్. అలా మారేది నూటికి ఒక్క కణం కూడా కాదనుకోండి!

చిక్కంతా సీ-మిక్‌తోనే. అది కణవిభజనను ఉరకలెత్తించే జన్యువు, క్యాన్సర్లలో పాత నేరస్థురాలు. ఈ జన్యువులను కణంలోకి చేర్చడానికి వాడింది రెట్రోవైరస్‌ను, అంటే తన జన్యువులను కణపు డీఎన్‌ఏలో కలిపేసే వైరస్‌ను. అది మోసుకొచ్చిన సీ-మిక్ క్రోమోజోములో అతుక్కుపోతుంది. కొన్నాళ్లు మూగబోయి, మళ్లీ మేల్కొంటుంది. ఆ కణాలతో పుట్టిన ఎలుకల్లో కణితులు వచ్చింది అందుకే. సీ-మిక్ లేకుండానూ కణాలు మారతాయి, కాకపోతే మరీ తక్కువగా, నిదానంగా.