ఆ ఈసీయూని ముట్టుకోకండి

ప్రశ్న: మాది హనుమకొండ. నాన్న పత్తి అమ్మిన డబ్బుతో 390 సీసీ బండి కొనిచ్చారు. పికప్ పెరుగుతుందంటే హైదరాబాద్‌లో ఒక షాపులో 24 వేలు ఫోన్‌పేలో కట్టి ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే చిన్న కంప్యూటర్) ట్యూన్ చేయించాను. బిల్లు ఇవ్వలేదు. నలభై రోజులకే నడిరోడ్డు మీద ఇంజిన్ పట్టేసింది. విప్పితే పిస్టన్‌కి బొక్క. అందులో కంపెనీ పెట్టిన ఫైలు (ప్రోగ్రామ్) మార్చారు కాబట్టి వారంటీ కుదరదని సర్వీస్ సెంటర్ రాసిచ్చింది. రిపేరు 78 వేలట. ట్యూన్ చేసినతను ‘చూద్దాం అన్నా’ అంటూ తిప్పుతున్నాడు. ట్యూన్ చేయించి ఇరవై రెండు నెలలు కావస్తోంది. నాన్న నాతో మాట్లాడటం మానేశారు. పాత ఫైలు ఎక్కించేసి, బండి పడిందని ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టుకోమని ఫ్రెండ్స్ అంటున్నారు. కంపెనీ మీద కేసు వేయొచ్చా?

జవాబు: కంపెనీని వదిలేయండి. వాళ్లిచ్చిన ఆ తిరస్కరణ కాగితం మీద మీకు కోపంగా ఉంది. కానీ మీ చేతిలో ఉన్నవాటిలో పనికొచ్చే కాగితం అదే. కంపెనీ మీద వేస్తే ట్యూన్ వల్ల ఇంజిన్ పోలేదని మీరు చెప్పాలి. ట్యూన్ చేసినతని మీద వేస్తే ట్యూన్ వల్లే పోయిందని చెప్పాలి. ఒకే పిస్టన్ గురించి రెండు అఫిడవిట్లలో రెండు మాటలు చెల్లవు. రెండు పడవల మీద కాళ్లు పెట్టకండి. మీ కేసు అతని సేవాలోపం మీద.

అక్కడ తేలాల్సింది ఒక్కటే: అతను ఎక్కించిన ఫైలు వల్లే పిస్టన్ పోయిందా? ఎంత పెట్రోలు చిమ్మాలో, ప్లగ్ ఎప్పుడు నిప్పు రాజేయాలో ఆ ఫైలే చెబుతుంది. పెట్రోలు తగ్గినా, నిప్పు మరీ ముందే పడినా లోపల వేడి పెరిగి పిస్టన్ తల కరుగుతుంది. పెట్రోలు ముందే అంటుకోకుండా తట్టుకునే శక్తిని ఆక్టేన్ అంటారు. ఫైలు ఎక్కువ ఆక్టేన్ పెట్రోలుకి లెక్కగట్టి ఉంటే, అదే పోయమని చెప్పాననీ, మీరే వినలేదనీ అతను అంటాడు. చెప్పినట్టు వాట్సాప్‌లో ఎక్కడైనా ఉందేమో ఇవాళే చూడండి.

ఒకసారి ఒక క్లయింట్ పాత పేపర్లో చుట్టి తెచ్చిన పిస్టన్ నా బల్ల మీద పెట్టాడు. తల మీద చిటికెన వేలు దూరేంత బొక్క, అంచులు కారిన కొవ్వొత్తిలా. ప్లగ్ పింగాణీ సున్నంలా తెల్లబడి ఉంది. కానీ అప్పటికే ఈసీయూలో పాత ఫైలు ఎక్కించేశారు. ఆ వేడికి కారణం ఏమిటో చెప్పే సాక్షిని వాళ్ల చేత్తో వాళ్లే చెరిపేసుకున్నారు. మీ ఫ్రెండ్స్ మీ చేత చేయించబోయేది అదే.

ఇక ఇన్సూరెన్స్ మాట. మామూలు పాలసీల్లో యాంత్రిక లోపాలకు కవరేజీ ఉండదు. అందుకే పడిపోయిందని కథ అల్లమంటున్నారు. అది భారతీయ న్యాయ సంహిత 318(4) కింద మోసం, ఏడేళ్ల దాకా జైలు. 78 వేల కోసం ఆ దారి తొక్కకండి.

బిల్లు లేకుండా 24 వేలు ఎలా కట్టారు? సరే, బ్యాంకు స్టేట్‌మెంట్ తీయండి, చెల్లింపుకు అది చాలు. దానికంటే పెద్ద తప్పు, ‘చూద్దాం అన్నా’ని నమ్మి ఇన్ని నెలలు కూర్చోవడం. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69 ప్రకారం గడువు రెండేళ్లు. ఫోన్లో ఇచ్చిన మాటలు ఆ గడువును పొడిగించవు, మీరు పంపే నోటీసు కూడా పొడిగించదు. ఇంజిన్ పోయిన రోజు నుంచి లెక్క అని మనం వాదించవచ్చు. కానీ ట్యూన్ చేయించిన రోజు నుంచే లెక్కేసుకోండి. అంటే మీకు మిగిలింది రెండు నెలలు. ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు గానీ, దాని మీద ఆధారపడే పరిస్థితి తెచ్చుకోకండి.

ఈ వారమే బ్యాటరీ వైర్లు తీయించి, ఈసీయూని ఇద్దరి సమక్షంలో విప్పించి సీలు చేయించండి. ఫొటోలు తీయండి. పిస్టన్, ప్లగ్ కడగకుండా కవర్లో పెట్టండి. చాట్లు, వాయిస్ మెసేజ్‌లు ఉన్న ఫోన్ మార్చకండి, అమ్మకండి. వాటిని దాఖలు చేయడానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ధ్రువపత్రం కావాలి. పదిహేను రోజుల గడువుతో నోటీసు స్పీడ్ పోస్టులో పంపండి. జవాబు వచ్చినా రాకపోయినా మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయండి, హైదరాబాద్ వెళ్లక్కర్లేదు. మీ మొత్తానికి ఫీజు లేదు. ఈసీయూని నిపుణుడితో పరీక్ష చేయించమని ఫిర్యాదుతోపాటే అర్జీ పెట్టండి.

సైలెన్సర్ కూడా మార్చారా? మీరు రాయలేదు. మార్చి ఉంటే మీ లాయరుకి ముందే చెప్పండి, అవతలివాళ్లు ఎలాగూ బయటపెడతారు. పరీక్ష రిపోర్టు వచ్చాక, బండి మళ్లీ రోడ్డెక్కే ముందు మాత్రం ఫ్యాక్టరీ ఫైలు, ఫ్యాక్టరీ సైలెన్సర్ పెట్టించండి. శబ్దం, పొగ పరిమితులు దాటితే మోటారు వాహనాల చట్టం 190(2) కింద మొదటిసారే 10,000 దాకా జరిమానా లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. దాంతోపాటు మూడు నెలలు లైసెన్సుకి అనర్హత.