ఈఎస్ఎక్స్ఐ (వర్చువల్ మెషీన్లు నడిపే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్) హోస్ట్‌కి ఎన్ఎఫ్ఎస్ డేటాస్టోర్ (నెట్‌వర్క్ మీదుగా వాడే స్టోరేజ్) మౌంటైనా, పెద్ద కాపీ పెట్టగానే హ్యాంగ్ అవుతోంది. ఎందుకు?

ముందు అనుమానించాల్సింది ఎంటీయూనే, అంటే ఒక్క ప్యాకెట్‌కి ఉండే గరిష్ఠ సైజునే. మామూలు పింగ్ చిన్న ప్యాకెట్ పంపుతుంది, అది వెళ్లినంత మాత్రాన దారి బాగున్నట్టు కాదు. హోస్ట్‌లోకి ఎస్ఎస్‌హెచ్‌తో లాగినై వీఎంకేపింగ్ (ఈఎస్ఎక్స్ఐలోని పింగ్ కమాండ్) వాడండి: స్టోరేజ్ వీఎంకెర్నల్ పోర్టు (స్టోరేజ్ ట్రాఫిక్‌కి హోస్ట్ వాడే నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్) పేరు ఇచ్చి, ప్యాకెట్ ముక్కలు కాకూడదన్న ఆప్షన్ పెట్టి, సైజు 8972 ఇవ్వండి. జంబో ఫ్రేముల (మామూలు 1500 కన్నా పెద్ద ప్యాకెట్ల) ఎంటీయూ 9000లో ఐపీ హెడర్‌కి 20, ఐసీఎంపీకి 8 బైట్లు పోగా మిగిలేది అదే. ఇది ఫెయిలై 1472 వెళ్తుంటే వీఎంకెర్నల్ పోర్టు, వర్చువల్ స్విచ్, ఫిజికల్ స్విచ్, నాస్ (ఆ స్టోరేజ్ ఇచ్చే సర్వర్) వీటిలో ఎక్కడో జంబో ఫ్రేములు ఆన్ కాలేదన్నమాట. చాలాసార్లు మర్చిపోయేది ఫిజికల్ స్విచ్‌నే. ఎక్కడో తేలకపోతే అన్నిచోట్లా 1500కి దించేయండి. జంబో ఫ్రేముల వల్ల వచ్చే కాస్త వేగం కన్నా నిలకడ ముఖ్యం.

అసలు మౌంటే కాకపోతే కథ వేరు. ఎన్ఎఫ్ఎస్ 3కి 111, 2049 పోర్టులతో పాటు నాస్‌లోని మౌంట్ సర్వీసు పోర్టు కూడా ఫైర్‌వాల్‌లో తెరిచి ఉండాలి. ఎక్స్‌పోర్ట్ అనుమతి (నాస్‌లోని షేర్‌ని వాడుకునే అనుమతి) హోస్ట్ మేనేజ్‌మెంట్ ఐపీకి ఇచ్చి ఊరుకోకండి, ట్రాఫిక్ నిజంగా బయల్దేరే వీఎంకెర్నల్ ఐపీకి ఇవ్వండి. ఈఎస్ఎక్స్ఐ రూట్‌గా వస్తుంది కాబట్టి నో రూట్ స్క్వాష్ (రూట్ హక్కులు తగ్గించకుండా ఉంచే నాస్ సెట్టింగ్) తప్పనిసరి, లేకపోతే మౌంటైనా రాయలేకపోవచ్చు. పాత్‌లో పెద్ద, చిన్న అక్షరాల తేడా కూడా లెక్కే.

అన్ని హోస్ట్‌లలోనూ సర్వర్ పేరు ఒకేలా రాయండి. ఒకదాంట్లో ఐపీ, మరోదాంట్లో పేరు ఇస్తే వీసెంటర్ (హోస్ట్‌లన్నిటినీ ఒకచోట నిర్వహించే సాఫ్ట్‌వేర్) వాటిని ఒకే డేటాస్టోర్‌గా గుర్తించదు.